ఆ వీడియోలో ఆవిడ లేదు

ఆ యుద్ధం మొదలయ్యేసరికి మాకు వేసవి సెలవులు. ఆగిరిపల్లి వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. సెలవుల్లో పొద్దున్నే వంట ముగించుకుని వరండాలో ఫ్యాను కింద కూర్చుంటే మధ్యాహ్నం దాకా ఫోను చేతిలోనే ఉండేది.

నేను రాసేవి చదివేవాళ్ళు కొంతమంది ఉన్నారు. ఎక్కడ ఏం జరిగినా నాలుగు మాటలు రాసేదాన్ని. వరదలొస్తే రాశాను, భూకంపం వస్తే రాశాను. ఒకసారి నా ఫొటో తీసేసి ఉత్త నల్ల రంగు పెట్టాను. ఏ దేశం కోసం పెట్టానో మర్చిపోయి నెలల తరబడి అలాగే ఉంచేశాను. పెళ్ళిరోజు శుభాకాంక్షలు చెప్పినవాళ్ళకి ఆ నల్ల బొమ్మతోనే థాంక్స్ చెప్పాను. మొదట్లో రాస్తుంటే ఏడుపొచ్చేది. అది ఎప్పుడు ఆగిపోయిందో గమనించలేదు. రాయడం మాత్రం ఆగలేదు.

యుద్ధం మొదలైన రెండో రోజున ఎవరో ఒక వీడియో పంపారు. నాలుగంతస్తుల ఇల్లొకటి పక్కకి ఒరిగి కూలిపోతుంది. దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ములోంచి ఒక ఆడమనిషి అరుపు. దానిపైన "ఇందులో ఉన్నదీ మనలాంటి మనుషులే. మౌనంగా ఉండకండి" అని రాసి పెట్టాను. మా చర్చి గ్రూపులో కూడా వేశాను. పప్పు కుక్కర్లో పెట్టి వచ్చేసరికి దండాల బొమ్మలు వరసగా వచ్చి ఉన్నాయి.

ఆ సోమవారం మధ్యాహ్నం రెండింటప్పుడు గేటు చప్పుడైంది. మా చర్చికి వచ్చే మనిషే. సీజన్లో మామిడికాయ కోతకు తోటల వెంట తిరుగుతాడు. కాయల సొన పడి చేతుల మీద నల్లటి మచ్చలు. అతని భార్య మూడేళ్ళ క్రితం ఇళ్ళలో పనికని పరాయి దేశం వెళ్ళింది. యుద్ధం జరుగుతున్నది ఆ దేశంలోనే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, వీడియో పెట్టేటప్పుడు ఆవిడ నాకు గుర్తు రాలేదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

"వందనాలండి టీచరు గారు."

"వందనాలు. ఎండలో నిలబడ్డారేంటి, పైకి రండి."

"పర్లేదండి, కాళ్ళనిండా మట్టి. ఒక్క మాట అడిగి పోతాను. గ్రూపులో మీరొక వీడియో పెట్టారు కదండీ. ఆ బిల్డింగు ఏ వీధిలోదండి?"

అతను జేబులోంచి ఫోను తీసి నా ముందు పెట్టాడు. వీడియోని ఒకచోట ఆపి ఉంచాడు.

"ఇక్కడ చూడండి. మూడో అంతస్తు బాల్కనీ. నీలం బకెట్టు ఉంది చూశారా? వీడియో కాల్ చేసినప్పుడు మా ఆవిడ బట్టలారేసే బాల్కనీ ఇట్టాగే ఉంటదండి. బకెట్టు కూడా నీలందే. మూడు రోజుల నుంచి ఫోను కలవట్లేదు. మా అత్త అన్నం ముట్టట్లేదు. తోటలో కూడా ఇదే చూసుకుంటా కూర్చున్నానని మేస్త్రీ ఇంటికి పొమ్మన్నాడు."

"నాకు తెలీదండి. ఎవరో పంపితే నేనూ పంపాను."

"ఎవరు పంపారండి? వాళ్ళనడిగితే తెలుస్తది కదా?"

అడిగాను. ముసునూరులో ఉండే నా తోటి టీచరు పంపింది. ఆవిడకి వాళ్ళ మరిది పంపాడు. మరిదికి ఏదో గ్రూపులో వచ్చింది. అక్కడితో దారి తెగిపోయింది. అతన్ని పంపించేసి, వీడియోలోని ఒక బొమ్మ పట్టుకుని నేనే ఇంటర్నెట్లో వెతికాను. పావుగంట పట్టింది. అదే వీడియో చాలా ఏళ్ళ క్రితమే ఎవరో పెట్టి ఉన్నారు. దేశం వేరు, యుద్ధం వేరు. పెట్టే ముందు ఆ పావుగంట నాకు లేక కాదు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అతనూ, భార్య తల్లీ అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"అది ఇప్పటిది కాదండి. ఆ దేశం కూడా కాదు," అన్నాను.

ముసలావిడే నా వైపు తిరిగింది.

"అయితే మా పిల్ల బతికే ఉన్నట్టా అమ్మా?"

"అది తెలీదమ్మా."

"మరి ఏం తెలిసినట్టు?"

ఆ మాటకి నేను ఏడవాల్సింది. ఏడుపు రాలేదు. వీడియో తీసేశానని చెప్పాను. ఆవిడకి అది అర్థమైనట్టు లేదు.

ఈసారైనా పనికొచ్చేది చేద్దామనుకున్నాను. భార్య ఫొటో, ఆవిడ పనిచేసే ఇంటి చిరునామా రాసున్న కాగితం అడిగాను. అతను వెంటనే తెచ్చిచ్చాడు. మంగళవారం పొద్దున ఫొటో పెట్టి, మూడేళ్ళుగా ఒక ఇంట్లో చాకిరీ చేస్తున్న మా ఊరి ఆడబిడ్డ జాడ తెలీడం లేదని, తల్లి అన్నం మానేసిందని రాశాను. బాగా రాశాను. బాగా రాస్తున్నానని రాసేటప్పుడే అనిపించింది.

అది ఎక్కడెక్కడికో వెళ్ళింది. నేనెప్పుడూ చూడని ఊళ్ళవాళ్ళు పంచుకున్నారు. కొందరు ప్రార్థనలు రాశారు. కొందరు అక్కడ తప్పెవరిదని పోట్లాడుకున్నారు. పెళ్ళాన్ని పంపి మొగుడు కూర్చుని తింటున్నాడని ఒకడు రాశాడు. ఇదంతా అబద్ధం, ఈ ఫొటో ముందెక్కడో చూశానని ఇంకొకడు రాశాడు. అతని నంబరు కూడా అందులో పెట్టాను కాబట్టి ఫోన్లు మొదలయ్యాయి. ఎవరు చేసినా అతను ఒకటే అడిగేవాడట, "అయ్యా, మా ఆవిడ కనపడిందాండీ?" అని. లేదు, ఊరికే పలకరిద్దామని చేశామనేవారట.

వారమంతా కబురు లేదు. కబురు లేదని నేను మళ్ళీ రాశాను. మళ్ళీ పంచుకున్నారు.

ఆదివారం ఆరాధన అయిపోయి అందరం చర్చి ఆవరణలో నిలబడి ఉన్నాం. అతని ఫోను మోగింది. తెలీని నంబరు. మామూలుగానే ఎత్తి, అక్కడే మట్టిలో కూలబడ్డాడు. పాస్టరు గారు ఫోను అందుకుని స్పీకర్లో పెట్టారు.

"నేనేనండి. బానే ఉన్నాను. అమ్మ ఎట్టా ఉంది?"

"ఏమైపోయావు? ఇన్నాళ్ళూ ఫోనెందుకు చెయ్యలేదు?"

"మొదట లైన్లు లేవండి. మా మేడం వాళ్ళు అందర్నీ వేరే ఊరికి తీసుకొచ్చేశారు. బుధవారం లైను వచ్చింది. పని కాగానే చేద్దామనుకున్నా. ఈలోపు ఎవరో నా ఫొటో పెట్టి ఏందేందో రాశారంటండి. దాన్ని ఇక్కడున్న మనోళ్ళెవరో మా మేడానికి చూపించారు. మేం నిన్ను హింసపెడుతున్నామని మీ దేశమంతా చెప్పుకుంటన్నావా అని నా ఫోను లాగేసుకుంది. ఇది పక్కింటి వంటామె ఫోను. చాటుగా ఇచ్చింది. ఎక్కువసేపు మాట్టాడలేను. ఎవరు పెట్టారో కనుక్కుని తీసేయమనండి."

అతను తలెత్తి నా వైపు చూశాడు. అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు ఎవరు పెట్టారో.

"ఎవరో పెట్టార్లే. తీసేస్తారు. నువ్వు జాగర్త," అన్నాడు.

బుధవారం నుంచి ఆదివారం దాకా. ఆవిడ బతికే ఉందని బుధవారమే తెలిసేది. ఆ నాలుగు రోజులూ వాళ్ళ ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. ఆ నాలుగు రోజులూ నేను రాస్తూనే ఉన్నాను.

చర్చి గోడ పక్కన నిలబడే తీసేశాను. నాది పోయింది. నకళ్ళు పోలేదు. నెల తర్వాత కూడా "ఇంకా దొరకలేదా పాపం" అని అడిగేవాళ్ళు. ఎవరో ఆవిడ ఫొటో పక్కన కొవ్వొత్తి పెట్టి ఆత్మకు శాంతి కలగాలని రాశారు. అది చూసి జి. కొండూరు నుంచి దూరపు చుట్టాలు పలకరింపుకి వచ్చారు. కూతురు బతికే ఉందని వాళ్ళకి చెప్పి, ముసలావిడ వాళ్ళకే అన్నం వండి పెట్టిందట.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అతను వారం తర్వాత మళ్ళీ వచ్చాడు. ఏలూరులో ఒక ఆఫీసు ఉందని, పరాయి దేశాల్లో ఇరుక్కున్నవాళ్ళ దరఖాస్తులు అక్కడ తీసుకుంటారని పాస్టరు గారు చెప్పారట.

"కాగితం ఇంగ్లీషులో నింపాలంట. మీరు వస్తారాండీ?"

వెళ్ళాను. బస్సులో ఇద్దరం వేర్వేరు సీట్లలో కూర్చున్నాం. గుమాస్తా నెమ్మదైన మనిషి. పాస్‌పోర్టు నకలు, వీసా కాగితం, ఆమె ఉన్న కొత్త ఊరి పేరు అడిగాడు. రాసిన దాంట్లో తప్పులుంటే చూపించి మళ్ళీ రాయమన్నాడు. నేను ఒక పేరా రాయబోతే "అంత అక్కర్లేదు మేడమ్, గడిలో పట్టేంత రాయండి చాలు" అన్నాడు. అలా మూడుసార్లు తిరిగాం. మధ్యలో కోత సీజను అయిపోయింది. బడులు తెరిచారు. బాంబులు పడటం ఆగిందన్నారు, మళ్ళీ మొదలైందన్నారు. నేను చదివాను. ఏమీ రాయలేదు. రాయకపోవడం గొప్ప సంగతేం కాదు, చెయ్యి కదల్లేదు, అంతే.

వానలు గట్టిగా పడ్డాక ఆగస్టులో ఆవిడ వచ్చేసింది. బాగా చిక్కిపోయింది. ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి, దేవుడు క్షేమంగా చేర్చాడని ఒక్క ముక్క చెప్పి కూర్చుంది. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. నాకు ఊరట కలగాలి కదా అని లోపల వెతుక్కున్నాను. తడి గోడని తాకినట్టు చల్లగా ఏదో తగిలింది, అంతకు మించి లేదు.

బయటికి వచ్చాక ఆవిడే నా దగ్గరికి వచ్చింది.

"ఆ ఫొటో మీరు పెట్టారంట కదండీ, టీచరు గారు."

"అవునమ్మా. తప్పయిపోయింది."

"మీ మీద కోపం లేదండి. మా అమ్మ బెంగ చూసి పెట్టారు. కానీ నాకు ఫోనిచ్చిన వంటామె ఉంది కదండీ. నాకిచ్చిందని తెలిసి ఆమె ఫోను కూడా తీసేసుకున్నారు. మన శ్రీకాకుళం వైపు మనిషి. ఇంకా అక్కడే ఉంది. నాకు నింపారు కదా, ఆ కాగితం ఆమెకి కూడా నింపుతారా?"

"నింపుతాను. పేరేంటి?"

"అక్కా అనే పిలిచేదాన్నండి."

మర్నాడు బడి అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ గుర్తున్నవన్నీ చెప్పింది. వీధి మలుపులో రొట్టెల దుకాణం, ఆ ఇంటి గేటు రంగు, ఆమెకి ఇద్దరు కూతుళ్ళని, పెద్దదానికి పురుడు రావాల్సి ఉందని. నేను అన్నీ రాసుకున్నాను. శనివారం ముగ్గురం ఏలూరు వెళ్ళాం. గుమాస్తా అంతా చదివి, పేరు గానీ పాస్‌పోర్టు నంబరు గానీ లేకుండా తీసుకోవడం కుదరదని, మంచిగానే చెప్పాడు. కనుక్కుని వస్తామన్నాం. ఎలా కనుక్కోవాలో మాలో ఎవరికీ తెలీదు.