వీధి అరుగు మీద మాత్రలు

నాకు టీబీ అని తేలిన రోజు మా అత్తగారు అన్న మొదటి మాట, "ఎవరడిగినా గ్యాస్ట్రిక్ అని చెప్పమ్మాయ్." మాది ఉప్పలగుప్తం. ఆడపడుచుకి అప్పుడు సంబంధాలు చూస్తున్నారు. మస్కట్‌లో ఉన్న మా ఆయన కూడా ఫోన్‌లో అదే చెప్పారు. సరేనన్నాను.

మాత్రలు పచ్చడి జాడీల వెనక దాచి, పొద్దున్నే పరగడుపున ఎవరూ చూడకుండా మింగేదాన్ని. ఓసారి ఐ.పోలవరం నుంచి చుట్టాలొచ్చారు. వాళ్లున్నన్నాళ్లూ వంటింట్లో ఎవరో ఒకరు ఉండేవారు. మాత్ర ముట్టుకోలేదు. ఆ సంగతి తెలిసి ఆశా కార్యకర్త, "ఇలా ఆపి ఆపి వేసుకుంటే జబ్బు మొండికేస్తదండీ, ఈ మందులకి లొంగదు" అంది.

ఆమె వెళ్లాక భయం కన్నా కోపమే ఎక్కువొచ్చింది. జబ్బు నాది, ఒళ్లు నాది. నేనేం దొంగతనం చేశానని దాక్కోవాలి?

మర్నాడు కుర్చీ తెచ్చి వీధి అరుగు మీద వేసుకున్నాను. రొయ్యల చెరువులకి వెళ్లేవాళ్లు, స్కూలు ఆటోలు, అందరూ తిరిగే వేళ. నీళ్ల గ్లాసు పక్కన పెట్టుకుని మాత్రలు ఒక్కొక్కటే మింగాను. ఎదురింటాయన సైకిలాపి, "ఏం మాత్రలండీ అవి?" అని అడిగారు.

"టీబీకండీ."

ఆయన, "ఆయ్, మానకుండా వేసుకోండి" అని వెళ్లిపోయారు.

లోపల అత్తగారు విన్నారు. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. దీపాలు పెట్టాక వచ్చి నా మంచం మీద కూర్చున్నారు.

"మీ మామగారిదీ ఇదే జబ్బు. గుండె నొప్పితో పోయేరని నీకు చెప్పేం. దగ్గు తగ్గిందని మందులు మధ్యలో మానేసేరు. దాచమన్నది నేనే."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

ఆ తర్వాత రోజూ ఆవిడ కూడా అరుగు మీదికి వచ్చేవారు. నేను మింగేదాకా కదిలేవారు కాదు. కాసేపాగి ఉడకబెట్టిన గుడ్డు ఒలిచి పెట్టేవారు. వాంతి వస్తే వీపు నిమిరేవారు. కొన్నాళ్లకి దగ్గు పోయి, ఒళ్లు కోలుకుంది. ఇక చాల్లే అనిపించి ఒక పొద్దున మాత్రలు పక్కన పెట్టేశాను.

"తగ్గింది కదండీ అత్తయ్యగారూ."

"ఆయనా ఇదే మాటన్నారు. మింగు."

మింగాను. డాక్టరుగారు ఆపమనే దాకా ఒక్క పూట తప్పలేదు. ఈలోగా వచ్చిన సంబంధం ఒకటి మా సంగతి విని వెనక్కి పోయింది. "పోతే పోయింది వదినా, జబ్బంటే పారిపోయేవాళ్లింట్లో నేనేం కాపురం చేస్తాను" అంది ఆడపడుచు. చివరి కళ్లె పరీక్షలో ఏమీ లేదని తేలింది.

మొన్న పక్క వీధిలో ఒకావిడ, వాళ్లాయనకి టీబీ అని తేలితే, చీకటి పడ్డాక మా దొడ్డివైపు తలుపు కొట్టింది. ఎవరికీ చెప్పొద్దని గొంతు తగ్గించి మొదలుపెట్టింది. నేను వీధి తలుపు తీసి, అరుగు మీద లైటేసి, "ఇక్కడ కూర్చుని మాట్లాడుకుందాం రండి" అన్నాను.