మేనకోడలు గాల్లో ఉన్న ఫోటో

నాకు పామర్రులో ఒక చెల్లెలు ఉంది, చిన్నాన్న కూతురు. దాని కూతురు షటిల్ ఆడుతుంది. బాగా ఆడుతుందని దాని చేతిలో ఓడినవాళ్లు చెబుతారు, ఫోటోలు మాత్రం చెప్పవు. గెలిచిన ప్రతిసారీ తీసిన ఫోటోలో ముఖ్య అతిథి నిండుగా ఉంటారు, ఆయన చేతుల్లో శాలువా ఉంటుంది, శాలువాలో ఎక్కడో మా పిల్ల ఉంటుంది. ఒకదాంట్లో దాని చెవి ఒక్కటే పడింది. చెల్లెలు దాన్ని కూడా లామినేషన్ చేయించింది.

ఆ మధ్య ఒక క్రీడా అకాడమీ దరఖాస్తులు పిలిచింది. ఆడుతుండగా తీసిన ఫోటో ఒకటి జత చేయాలి, అది చూసే ట్రయల్స్‌కి పిలుస్తారు. గడువు శనివారం. చెల్లెలు బుధవారం ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నువ్వు ఫోటోగ్రాఫర్‌వేగా."

"పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ని."

"ఇదీ ఆడపిల్లేగా, తియ్యి."

భవానీపురంలో నాకు స్టూడియో ఉంది. పెళ్లిలో లైటు ఎంత గట్టిగా కొడితే అంత గౌరవం. ఒకసారి తలంబ్రాల వేళ నేను కొట్టిన లైటుకి పురోహితుడు గారు మంత్రం ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయి మళ్లీ మొదటినుంచి అందుకున్నారు. ఆ జంటకి రెండుసార్లు పెళ్లయింది. ఇప్పటివరకూ పోట్లాడుకోలేదు.

పిల్ల ఆడే హాలు ఒకప్పుడు ధాన్యం గోడౌన్. పైన నల్లబడిన రేకులు, నాలుగు ట్యూబులైట్లు, ఒకే ఒక్క ప్లగ్గు. ఆ ప్లగ్గు వాచ్‌మన్ గారి రైస్ కుక్కర్‌ది. నా వైరు లైటు అక్కడ పెడితే ఆయనకి అన్నం ఉండదు, కోర్టు పక్కన వైరు పరిస్తే పిల్లకి కాలుండదు. బ్యాటరీ ఫ్లాష్ కొనక తప్పదని తేలింది.

గురువారం పొద్దున బెజవాడలో నేనెప్పుడూ కొనే కొట్టుకి వెళ్లాను. కొట్టాయన నన్ను చూడగానే అన్నిటికంటే పెద్ద లైటు కిందికి దించాడు.

"ఎంతమంది పట్టే ఫంక్షన్ హాలండీ?"

"పెళ్లి కాదండీ. షటిల్."

"వాళ్లు ఆగరు కదండీ మరి."

"ఆగరండీ. అదే నా బాధ."

ఆయన ఆలోచించి మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. మొదటిది కెమెరా నెత్తిన పెట్టే చిన్న ఫ్లాష్, పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. ఒకసారి మెరిసి, సన్నగా ఈల వేసుకుంటూ విశ్రాంతి తీసుకుంటుంది. అది తేరుకునేలోపు పిల్ల మ్యాచ్ గెలిచి ఇంటికెళ్లి స్నానం కూడా చేసేస్తుంది. రెండోదానికి బ్యాటరీ పెట్టె విడిగా ఉంది, భుజానికి తగిలించుకోవాలి. తగిలించుకున్నాను. కొట్టాయన, ఇంకో గిరాకీ కలిసి నన్ను లేపారు. మూడోది సొరకాయంత ఉంది, బ్యాటరీ దాని కడుపులోనే ఉంది.

"ఫ్యాను మీద కొట్టి చూడండి" అన్నాడాయన.

ఫుల్లులో కొట్టాను. రెక్కలు మూడూ అలుక్కుపోయి ఫోటోలో పళ్లెంలా పడ్డాయి. పదహారో వంతుకి తగ్గించి కొట్టాను. రెక్కలు కరెంటు పోయినట్టు నిలబడ్డాయి.

"తగ్గించే కొద్దీ మెరుపు పొట్టిదవుద్దండీ. పొట్టిదైతే ఎగిరేది ఎగిరినట్టే దొరుకుద్ది. వెంటనే రెండోది కొట్టొచ్చు, బ్యాటరీ కూడా మిగులుద్ది. వెలుతురు చాలకపోతే కెమెరాలో ఐఎస్‌ఓ పెంచుకోండి."

అంటూ కెమెరా తెర మీదికి వంగి ఫ్యాను రెక్కని పరీక్షగా చూశాడు. "ఎంత దుమ్మండీ" అన్నాడు. సొరకాయ తీసుకున్నాను.

శుక్రవారం సాయంత్రం గోడౌన్‌లో కోచ్ గారు అవతలి వైపు నిలబడి షటిళ్లు ఎత్తి వేయడం మొదలుపెట్టారు.

"మొహం మీద కొట్టమాకండి, పిల్లకి షటిల్ కనపడదు. పైకి కొట్టండి."

పైకి కొట్టాను. వెలుతురు ఆ నల్ల రేకుల్లోకి వెళ్లి మళ్లీ తిరిగి రాలేదు. పక్కన నిలబడ్డ చెల్లెలు ఆ రేకుల వంక చూసి బయటికి వెళ్లింది. అరగంటలో ఆరు తెల్ల చీరలతో వచ్చింది. మావాళ్లు ఆదివారం చర్చికి తెల్ల చీరలే కడతారు.

"పాస్టరమ్మ గారిది కూడా ఇచ్చారు. మాపమాక."

వాచ్‌మన్ గారి నిచ్చెనెక్కి, నైలాన్ తాళ్లతో చీరలన్నీ కోర్టు మీద కట్టాం. ఈసారి వెలుతురు చీరలకి తగిలి మెత్తగా కిందికి దిగింది. అయితే పెళ్లిళ్లకి అలవాటు పడ్డ చెయ్యి కదా, దానంతటదే లైటుని ఫుల్లుకి తిప్పేసింది. మొదటి ఫోటోలో పిల్లకి మూడు చేతులు, నాలుగు బ్యాట్లు. వెంటనే తగ్గించాను. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. లైటు మెరవగానే పిల్ల ఆట ఆపి, జుట్టు సర్దుకుని, నా వైపు తిరిగి నవ్వింది. రెండో ఫోటోలో ఆ నవ్వే పడింది, షటిల్ వచ్చి దాని నెత్తిన పడింది.

"ఎందుకాగావే?"

"నువ్వు తీశావుగా, మావయ్యా."

దాని తప్పు లేదు. లైటు పడితే కదలకూడదని ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి నేర్పింది నేనే. ఇప్పుడది మరిపించాలి. కోచ్ గారు షటిళ్లు వేస్తూనే ఉన్నారు, నేను ఫోటో తీయకుండా ఉత్తినే లైటు కొడుతూ కూర్చున్నాను. నలభయ్యోసారికి నవ్వడం మానేసింది. అరవయ్యోసారికి నా మీద కోపం వచ్చింది. ఈలోపు వెంటిలేటర్లలోంచి మెరుపులు చూసి, రోడ్డు మీద ధాన్యం ఆరబోసినవాళ్లు గబగబా పట్టాలు కప్పేశారు. ఒక రైతు లోపలికే వచ్చాడు.

"ఎప్పుడాగుద్దండీ ఇది?"

"ఆరింటికండీ" అన్నాను. ఆరింటికే ఆగిపోయింది. అప్పటికి నాకు కావలసింది దొరికింది.

ఆ ఫోటోలో పిల్ల కాళ్లు నేలకి రెండు జానల పైన ఉన్నాయి. షటిల్ బ్యాట్ తీగల మీద ఉంది. నోరు పూర్తిగా తెరుచుకుని ఉంది, ఒక కన్ను మూసుకుపోయింది, మెడ నరాలు లెక్కపెట్టొచ్చు.

శనివారం చెల్లెలి ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాం.

"ఇదేం మొహం, అన్నయ్యా? పన్ను పీకుతుంటే తీసినట్టుంది. ఆ నవ్వేది పంపుదాం."

"అందులో నేను ఆడట్లేదమ్మా" అంది పిల్ల.

చెల్లెలు రెండు ఫోటోలనీ పక్కపక్కన పెట్టించి చూసింది. ఈలోపు ఆ వెబ్‌సైటు, ఫోటో యాభై కేబీ దాటకూడదంది. కుదించాను. మళ్లీ కుదించాను. చివరికి గోరంత అయింది. చెల్లెలు కళ్లజోడు పెట్టుకుంది.

"కాళ్లు నేలకి తగల్లేదుగా?"

"తగల్లేదమ్మా."

"అయితే అదే పంపు."

పిల్ల నొక్కింది. పది రోజులకి ట్రయల్స్‌కి పిలుపు వచ్చింది. వచ్చేటప్పుడు రెండు పాస్‌పోర్టు ఫోటోలు తెచ్చుకోమన్నారు. నేను తీస్తానన్నాను. వద్దు మావయ్యా, బస్టాండు దగ్గర తీయించుకుంటానంది.