బావగారి నలభై మూడు నిమిషాలు

పాటగాళ్ళూ వాద్యగాళ్ళూ ఆవిడకు ‘మళ్ళీవిందాం’ అని పేరు పెట్టారు. ఎదురుగా అనేవారు కాదు, మెట్లు దిగాక అనుకునేవారు. రికార్డింగు బ్రహ్మాండంగా వచ్చిందని అందరూ లేచి చెప్పులు వేసుకుంటుంటే, ఆవిడ తల కూడా తిప్పకుండా “మళ్ళీ విందాం” అనేది. వాళ్ళు చెప్పులు విప్పి వచ్చి కూర్చునేవారు.

ఆవిడ గది ఒక కళ్ళద్దాల దుకాణం మీద ఉంది. దుకాణం భర్తది. కింద కళ్ళ వ్యాపారం, పైన చెవుల వ్యాపారం, మధ్యలో పదిహేడు మెట్లు. గోడలకు పాత బొంతలు కొట్టి వాటి మీద బూడిదరంగు గుడ్డ బిగించారు. ఇటు పక్క బల్ల, కంప్యూటరు, రెండు స్పీకర్లు. గాజు తలుపుకు అటు పక్క మైకు, కుర్చీ పట్టేంత అర. వేసవిలో ఆ అరలో ఫ్యాను వేస్తే శబ్దం, ఆపితే చెమట. ఆవిడ ఆపేసేది.

ఈ మళ్ళీ వినే జబ్బు రేడియో స్టేషనులో పట్టుకుంది. పంతొమ్మిదో ఏట టేపులు కోసి అతికించే పనిలో చేరింది. చేరిన మూడో నెలలో ఒక డాక్టరుగారి ప్రసంగం చివర రెండంగుళాల టేపు ఎక్కువ కోసేసింది. “ఈ మాత్రలు పరగడుపున వేసుకోకూడదు” అన్నది ఆయన ఆఖరి మాట. ప్రసారమైంది మాత్రం “ఈ మాత్రలు పరగడుపున వేసుకో” వరకే. వారం తిరిగేసరికి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. మాత్రల గురించి ఒక్కరూ అడగలేదు. చదువుకున్న డాక్టరు శ్రోతల్ని ‘వేసుకోండి’ అనకుండా ‘వేసుకో’ అని ఏకవచనంలో పిలవడమేమిటని నలుగురూ నిలదీశారు. స్టేషను తరఫున క్షమాపణ చెప్పారు. ఆనాటి నుంచి, మొదటి క్షణం మొదలు చివరి క్షణం దాకా వినకుండా ఆవిడ చేతిలోంచి ఏదీ బయటికి పోలేదు.

టేపులు పోయి కంప్యూటర్లు వచ్చినా అలవాటు పోలేదు. గొంతు ఒక ట్రాకు, తబలా ఒక ట్రాకు, వేణువు ఒక ట్రాకు, ఇలా విడివిడిగా ఉన్నవాటిని హెచ్చుతగ్గులు సరిచూసి ఒకే ఫైలుగా దించడాన్ని ఎక్స్‌పోర్టు అంటారు. తొందరగా కావాలంటే గంట పాటను నిమిషంలో దించేస్తుంది కంప్యూటరు. నెమ్మదిగా కావాలంటే పాట ఎంతసేపో అంతసేపూ పాడుతూ దించుతుంది. ఆవిడ ఎప్పుడూ రెండోదే నొక్కేది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపులకు కూర్చున్నంత బుద్ధిగా కూర్చునేది.

ఇలాంటి మనిషి జీవితంలో వినకుండా వదిలింది ఒకే ఒక్క ఫైలు. అది సొంత బావగారిది.

బావగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి విరమించాడు. ఆయన అక్కను పెళ్ళి చేసుకునేనాటికి ఈ మరదలికి ఏడేళ్ళు. సైకిలు నేర్పింది ఆయనే. వెనక పట్టుకుని పరిగెత్తుతూ, వదిలేశాక కూడా “పట్టుకున్నాను, పట్టుకున్నాను” అని అరిచేవాడు. ఆయన జన్మలో ఆడిన అబద్ధం అదొక్కటేనని అక్క అంటుంది. ఆ మాట మెచ్చుకోలుగా అనదు.

విరమించాక ఆయన తన ఉద్యోగ జీవితాన్ని రెండు పెద్ద నోటుబుక్కుల్లో రాశాడు. ఇంటికి వచ్చినవాళ్ళకల్లా ఇచ్చాడు. తీసుకెళ్ళినవాళ్ళు భద్రంగా తెచ్చిచ్చారు, పేజీలు కూడా నలగలేదు. చదివే ఓపిక ఎవరికీ లేదని ఆయనకు అర్థమైంది.

“చదవరు సరే, వింటారు కదమ్మా. చెవులకు పనేముంది?” అన్నాడు.

చెవుల పని మీదే ముప్ఫై నాలుగేళ్ళు బతికిన మరదలు మైకు ముందు ఆయనకు కుర్చీ వేసింది.

నాలుగు రోజులు ఉదయంపూట వచ్చి మొదటి నోటుబుక్కు చదివాడు. సంగీతం మాస్టారొకాయన ఆ గొంతు కింద సన్నగా వినిపించేలా వేణువు వాయించి ఇచ్చాడు. బావగారు చదివితే మధ్యలో బోలెడు సరుకు వస్తుంది. దగ్గులు, గొంతు సవరింపులు, పేజీ తిప్పిన చప్పుడు, కుర్చీ కిర్రు, “ఏదీ, ఎక్కడున్నాం”, “ఆ ఫ్యాను వెయ్యమ్మా”. ఆవిడ వాటన్నిటినీ గొంతు ట్రాకులోంచి కోసింది. అయితే పారేయలేదు. ఏది ఎక్కడ వచ్చిందో అక్కడే ఉండేలా ఇంకో ట్రాకులోకి దించి, దానికి ‘చెత్త’ అని పేరు పెట్టింది.

ఆఖరి రోజున, చెత్తలోకి మంచి మాట ఏదైనా పొరపాటున జారిందేమోనని అనుమానం వచ్చి, ఆ ట్రాకు పక్కనున్న సోలో బటన్ నొక్కింది. అది నొక్కితే మిగతా ట్రాకులన్నీ నోరు మూసుకుంటాయి. చెత్తంతా విని, మంచి మాట ఏదీ లేదని తేల్చుకుంటున్నప్పుడే మెట్ల మీద బావగారి అడుగులు వినిపించాయి. లేచి వెళ్ళి తలుపు తీసి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, తిరిగొచ్చి ఎక్స్‌పోర్టు నొక్కింది. సోలో నొక్కి ఉన్న సంగతి మర్చిపోయింది.

హెడ్‌ఫోన్లు చేతిలోకి తీసుకుందో లేదో, బావగారు మొదలుపెట్టాడు.

“రెండో నోటుబుక్కు దీనికంటే బాగుంటుందమ్మా. అందులో పెట్రోలు బంకు ఘట్టం ఉంది.”

పెద్దాయన మాట్లాడుతుంటే చెవులు మూసుకుని కూర్చోవడం ఎలా? హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టేసింది. కంప్యూటరు వంక చూడటం కూడా బాగుండదని కుర్చీ ఆయనవైపు తిప్పుకుంది. వెనక నలభై మూడు నిమిషాల పాటు ఫైలు దిగింది. ముందు నలభై మూడు నిమిషాల పాటు పెట్రోలు బంకు ఘట్టం సాగింది.

“ఒకసారి మళ్ళీ విందాం బావగారూ.”

“నేను చదివిందే కదమ్మా, మళ్ళీ నేను వినడం దేనికి?”

ఫైలు తన ఫోనులోకి ఎక్కించుకుని, పదిహేడు మెట్లు దిగేలోపే బంధువులకూ పాత సహోద్యోగులకూ కలిపి అరవై ఒక్కమందికి పంపించేశాడు.

సాయంత్రానికి ముప్ఫై ఎనిమిదిమంది జవాబిచ్చారు. ‘అద్భుతం’ అన్నారు. ‘గొంతులో ఆ గాంభీర్యం తగ్గలేదు’ అన్నారు. బావగారి తమ్ముడు, ‘వేణువు వింటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి అన్నయ్యా’ అని రాశాడు. ఫైలు పంపిన రెండో నిమిషంలో రాశాడు.

మర్నాడు పదిగంటలకు అక్క ఫోను చేసింది.

“ఇస్త్రీ చేసుకుంటూ మీ బావది మొత్తం విన్నానే.”

“ఎలా ఉందక్కా?”

“బాగుంది. ఆయన పక్కగదిలో ఉన్నట్టే ఉంది. అవునూ, కథ రెండో భాగంలో వస్తుందా?”

ఆవిడ ఫోను పెట్టేసి ఫైలు తెరిచింది. ముందు చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత ఒక దగ్గు. నిశ్శబ్దం. పేజీ తిరిగింది. “ఏదీ, ఎక్కడున్నాం” అన్నాడు బావగారు. ఎక్కడున్నారో చెప్పకుండా మళ్ళీ నిశ్శబ్దంలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ అలవాటు కొద్దీ చివరిదాకా విని, అప్పుడు చెప్పులు వేసుకుంది.

అక్క ఇంటికి వెళ్ళేసరికి బావగారు వరండాలో కూర్చుని, మెచ్చుకున్నవాళ్ళ పేర్లు వరసగా కాగితం మీద రాసుకుంటున్నాడు. ఆవిడ సంగతి చెప్పి, తన ఫోనులో మొదటి ఐదు నిమిషాలు వినిపించింది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు.

“ఈ దగ్గు నాదేనా?”

“మీదే బావగారూ.”

“వేణువేదీ?”

“లేదు.”

“మా తమ్ముడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయన్నాడే?”

“తప్పు నాదే. విని ఇవ్వాల్సింది,” అంది ఆవిడ.

“నువ్వు ఒకసారి తప్పు తూచావు. వీళ్ళు అసలు తూచనే లేదు,” అని ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. ముప్ఫైయేళ్ళు చెప్పాపెట్టకుండా దుకాణాల మీద పడ్డ మనిషి. కాగితం మీద మొదటి పేరుకు ఫోను కలిపి స్పీకరు పెట్టాడు.

“ఏరా, నాది విన్నావట. ఏ ఘట్టం నచ్చింది?”

“అన్నీ అన్నయ్యా. ముఖ్యంగా ఆ మొదటి ఘట్టం.”

“అందులో ఏముంది?”

తమ్ముడు ఆలోచించాడు. “నీ గొంతు,” అన్నాడు.

“అది నిజమే,” అని బావగారు పెట్టేశాడు. పేరు పక్కన సున్నా చుట్టి, కాసేపు చూసి, దాన్ని అరసున్నాగా దిద్దాడు.

రెండో ఫోను మేనకోడలికి. “డ్రైవింగులో ఉన్నాను మామయ్యా, తర్వాత చేస్తాను,” అంది. వెనక కుక్కరు విజిల్ వేసింది.

మూడోది కాటా మేస్త్రికి. శాఖ తనిఖీల్లో తక్కెడలు విప్పి, బిగించి, సీళ్ళు వేసినవాడు అతనే. జవాబిచ్చిన ముప్ఫై ఎనిమిదిమందిలో అతను లేడు. ఎందుకు రాయలేదో కనుక్కుందామని బావగారు అతని నంబరు నొక్కాడు.

“విన్నానండీ. రెండుసార్లు విన్నాను,” అన్నాడు మేస్త్రి.

“రెండుసార్లా?”

“మొదటిసారి నా ఫోనుదే లోపమనుకున్నానండి. పక్కింటివాళ్ళ ఫోనులో పెట్టించుకుని మళ్ళీ విన్నాను. మీరు పేజీ తిప్పినప్పుడల్లా ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అనుకున్నాను. బాగుందని రాద్దామంటే ఏం బాగుందో తెలియలేదు. సార్, ఆ దగ్గు ఎప్పట్నుంచి? ఎవరికైనా చూపించుకున్నారా?”

బావగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి తుడిచాడు. “చూపించుకుంటానులే,” అని ఫోను పెట్టేసి, కాగితాన్ని మడిచి జేబులో వేసుకున్నాడు. అందులో మూడో పేరుకు ఫోను చేయలేదు.

లోపలినుంచి అక్క, “నేను ఆ మాట ఆర్నెల్లుగా చెబుతున్నాను,” అంది.

ఆ మధ్యాహ్నమే ఆవిడ మళ్ళీ ఎక్స్‌పోర్టు చేసింది. సోలో తీసేసి, ప్రతి బటన్నూ వేలుపెట్టి చూసుకుని, వెంట వచ్చిన బావగారితో “మీరు ఒక్క మాట మాట్లాడినా ఊరుకోను,” అని మర్యాదగా చెప్పి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఆయన నలభై మూడు నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. దగ్గు వచ్చినప్పుడు మాత్రం లేచి మెట్ల మీదికి వెళ్ళి దగ్గి వచ్చాడు.

ఈసారి ఫైలు ఇద్దరికే పంపాడు, అక్కకూ కాటా మేస్త్రికీ. మిగతావాళ్ళకు చెప్పొద్దా అని ఆవిడ అడిగితే, “వాళ్ళకు అదే నచ్చింది కదమ్మా, మార్చడం దేనికి?” అన్నాడు.

అక్క విని, బాగుందంది, కాకపోతే పెళ్ళి ఘట్టాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారంది. మేస్త్రి రెండు రోజులు తీసుకుని ఫోను చేశాడు.

“సార్, ఇరవై ఆరో నిమిషంలో ఒక పొరపాటుంది. ఐదు కిలోల తూకపు గుండు అడుగున సీసం గీకేసి మైనం నింపారని కనిపెట్టింది మీరేనని అన్నారు. అది నేనండి.”

ఆ రాత్రి బావగారు ఆ సంగతి అక్కకు చెప్పాడు. అన్నం దగ్గర అక్క, “ఆయనే చూసుంటాడు. మీకు అప్పటికింకా కళ్ళజోడు రాలేదు,” అంది. ఆయన మొదటి నోటుబుక్కు తెచ్చి, ఆ పేజీలో ‘నేను’ అన్నచోట కొట్టేసి, ‘మేస్త్రి’ అని రాశాడు.

రాసింది మారితే చదివిందీ మారాలి. ఆ ముక్క మేస్త్రే చెబితే బాగుంటుందన్నది మళ్ళీవిందాం. ఆ తర్వాతి సోమవారం ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుని మేస్త్రి మెట్లెక్కి వచ్చాడు. మైకు స్టాండు కొంచెం వాలి ఉందని గమనించి, ఎవరూ అడగకుండానే మర బిగించి, అప్పుడు కూర్చున్నాడు.

“ఎక్కడినుంచి చెప్పమంటారమ్మా?”

“గుండు దగ్గర్నుంచి చెప్పండి.”

అతను గుండు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. దుకాణం ఎలా ఉండేదో, యజమాని ఎలా చల్లగా సోడా ఇప్పించాడో, గుండు చేత్తో పట్టుకోగానే తనకు ఎందుకు అనుమానం వచ్చిందో, తొందరలేకుండా చెప్పుకుపోయాడు. పది నిమిషాలు గడిచాక బావగారు గాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

“సోడా కాదయ్యా, నిమ్మరసం.”

“సోడానేనండి. నాకు సోడా, మీకు నిమ్మరసం.”

ఆవిడ రికార్డింగు ఆపలేదు. లేచి వెళ్ళి రెండో మైకు తెచ్చి బావగారి ముందు పెట్టింది.