పైలం ఎవడు?

ఆ రోజుల్లో ధైర్యమంటే చేతిసంచిలో వేసుకుని తిరిగే వస్తువని నా నమ్మకం. తెనాలి నుంచి కొత్తగా ఉద్యోగానికొచ్చాను. ఆఫీసు నాచారంలో, హాస్టల్ ఉప్పల్‌లో. నాన్న ఒకే షరతు మీద పంపారు: "ఎవడైనా వెంటపడ్డాడని తెలిసిందో, మర్నాడే వచ్చి తీసుకొచ్చేస్తాను." అమ్మ మాత్రం "ఎవరి జాగ్రత్త వాళ్లదేనే తల్లీ" అంటూ రెండు పొట్లాలు కట్టిచ్చింది. ఒకటి హాస్టల్ అన్నంలోకి కందిపొడి, రెండోది ఆత్మరక్షణకి గొడ్డుకారం. రెండూ ఎర్రగానే ఉంటాయి కనుక గుర్తు కూడా చెప్పింది. ఒక ముడి ఉన్నది ఒకటి, రెండు ముళ్లున్నది ఇంకొకటి. (ఏది ఏదో నేను రైలెక్కకముందే మర్చిపోయాను.)

చేరిన మూడో రోజు సాయంత్రం ఉప్పల్ చౌరస్తాలో షేర్ ఆటో దిగి, బళ్ల రద్దీలో రోడ్డు అంచున నడుస్తున్నాను. నాతోపాటే ఆటో దిగిన బుర్రమీసాల పెద్దాయన వెనకే వస్తున్నాడు. నేను వేగం పెంచితే ఆయనా పెంచాడు. "ఓ బిడ్డా, ఆగు! పైలం! పైలం!" అని కేక. ఆ మాట నేనెన్నడూ వినలేదు. ఈ పైలం ఎవడు? తోడుదొంగను పిలుస్తున్నాడన్నమాట! ఒక్కడినే తప్పించుకోలేకపోతుంటే ఇద్దరా? సంచిలోంచి పొట్లం తీశాను. (ముడి విప్పడానికే అరనిమిషం పడుతుందని ఆత్మరక్షణ గురించి చెప్పేవాళ్లెవరూ చెప్పరు.) ఆయన దగ్గరికొచ్చేశాడు. కళ్లు మూసుకుని గుప్పెడు తీసి మొహాన కొట్టాను.

కేక వినబడలేదు. కళ్లు తెరిచి చూస్తే ఆయన మీసం తుడుచుకుని, వేలు నాకి చూస్తున్నాడు.

"ఏంది బిడ్డా, కందిపొడా? మస్తుగుంది. జర నెయ్యి గూడ తేకపోయినవా?"

ఆయన నా చున్నీ కొసకేసి వేలు చూపించాడు.

"గా సున్నీ సూడు, నేల మీద ఈడుస్తున్నవ్. బండి చక్రంల జిక్కితే గొంతుకు ఉరి పడ్తది. గందుకే పైలం, పైలం అని ఒర్రుకుంట ఉరికొస్తున్న."

"పైలం అంటే ఎవరండీ?"

"ఎవరేంది! పైలమంటే జాగర్త!"

అమ్మ మాటే. యాస మార్చుకుని నా వెనకాల ఉప్పల్ దాకా పరుగెత్తుకొచ్చింది.

ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి, "ఎవడైనా వెంటపడ్డాడా?" అని అడిగారు. పడ్డారంటే ఉద్యోగం పోతుంది, లేదంటే అబద్ధమవుతుంది. "కందిపొడి అయిపోయింది నాన్నా, అమ్మని ఇంకాస్త పంపమనండి" అన్నాను. "మొన్ననేగా ఇచ్చింది, అప్పుడే తినేశావా!" అని నాన్న మురిసిపోయారు.

ఇప్పుడు నా పక్కన నాలుగేళ్ల కూతురు నిద్రపోతోంది. తలుపు గడియ మూడోసారి చూసొచ్చి ఇది రాస్తున్నాను. ఇవాళ పొద్దున అదే చౌరస్తాలో ఒక అమ్మాయి చున్నీ నేల మీద ఈడ్చుకుంటూ నడుస్తుంటే, "పైలం! పైలం!" అని అరుస్తూ వెంటపడ్డాను. ఆ పిల్ల బెదిరిపోయి వేగం పెంచింది. నేనూ పెంచాను. గిరుక్కున తిరిగి సంచిలో చెయ్యి పెట్టింది.

అది కందిపొడే అయ్యుండాలని కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాను.