ఖరగ్‌పూర్ ఎండకు లద్దాఖ్ పాళ్ళు

ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో మా అక్క ఇంటి ముందు నేను టోటో, అంటే ఇక్కడి బ్యాటరీ ఆటో, దిగింది గురువారం ఉదయం ఆరూ పదికి. నెల మే. నీడలో నిలబడినా చెమటే. వెంట ఒక కిట్ బ్యాగు, టార్చి, స్పానర్ల సెట్టు. పద్దెనిమిదేళ్ళు పటాలంలో బళ్ళ మెకానిక్‌గా చేశాను. అందులో రెండు చలికాలాలు లద్దాఖ్. రిటైరై విజయనగరంలో స్థిరపడ్డాక ఇంత సూటిగా నాకు ఏ ఆర్డరూ రాలేదు. ఫోన్లో అక్క అన్నది ఇంతే: "తమ్ముడూ, కారు మరిగిపోతంది. ఆదివారం లోపల బాగు సెయ్యి."

పెరట్లో రేకుల షెడ్డు కింద ముప్పయ్యేళ్ళ తెల్ల కారు. మా బావది. ఆయన బతికున్నన్నాళ్ళూ అక్కను స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. ఆయన పోయాక, యాభై తొమ్మిదో ఏట, ఆవిడ డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. ఆదివారం సాయంత్రాలు సాలువా అవతల ఒక పల్లెలో పిల్లలకు చర్చి పాటలు నేర్పుతుంది. హార్మోనియం ఒళ్ళో పెట్టుకుని టోటోలో వెళ్ళాలి, లేదా కొడుకు తీరిక కోసం కాచుకోవాలి. కాచుకోవడం మా అక్క ఒంటికి పడదు.

కొడుకు రైల్వే ఆఫీసులో గుమాస్తా. మంచివాడే, ఓపిక తక్కువ. కారు ఇప్పటికి రెండుసార్లు హిజ్లీ దగ్గర నడిరోడ్డు మీద ఆవిరి కక్కింది. "మావయ్యా, ఇంకొక్కసారి మరిగిందంటే సోమవారం పాత ఇనుమోడికి ఇచ్చెత్తాను. అమ్మ టోటోలోనే ఎల్తాది," అన్నాడు. అక్క విననట్టే టీ వడపోసింది. సగం టీ గ్లాసు బయట పడింది.

ఆరూ నలభైకి, ఇంజను చల్లగా ఉండగా, రేడియేటర్ మూత తీశాను. లోపల గోధుమరంగు బురద.

"ఏటి పోసినావురా ఇందులో?"

"ముందు ఆకుపచ్చ కూలెంటు ఉండేది మావయ్యా. తగ్గితే గులాబీరంగుది పోసినాను. కొత్త రకం, మంచిదన్నారు."

మంచిదే, కొత్త బళ్ళకు. ఇది ఇత్తడి రేడియేటరు, సీసం అతుకులు. దీనికి పాతకాలపు రకమే సరి. రెండు రకాలూ కలిస్తే ఒకదానికొకటి పడక ఇలా ముద్ద కడతాయి. పోనీ రంగు చూసి కొందామంటే అదీ నమ్మకం లేదు, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వేస్తుంది. డబ్బా వెనక సన్నటి అక్షరాల్లో ఏ బళ్ళకో, ఏ లోహానికో రాసి ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకుని అది చదవాలి.

ప్రహరీ మీంచి ఒక తల లేచింది. పక్కింటి బాబాయి, నలభై ఏళ్ళు రైలింజన్లు నడిపి రిటైరైనవాడు. ఈ ఊళ్ళో బానెట్టు ఎత్తితే చాలు, గోడకొక నిపుణుడు మొలుస్తాడు.

"మంచు మందు పోత్తన్నావేటి? మనూళ్ళో ఏటి గడ్డకడతాదిరా? రాత్రి సేపల పులుసు కూడా గడ్డకట్టదు."

"కూలెంటు గడ్డకట్టకుండానే కాదు బాబాయ్. తొందరగా మరక్కుండా, తుప్పు పట్టకుండా కూడా అదే కాపలా."

"ఠీక్ హై. పాళ్ళు సూసుకో మరి."

ఆ చివరి మాట నేను పట్టించుకోలేదు.

శుక్రవారమంతా గొట్టం పెట్టి కడిగాను. సాయంత్రం నాలుగుకి నీళ్ళు తేటగా వచ్చాయి. దుకాణం బెంగాలీ దాదా మొదట గులాబీ డబ్బానే చేతికిచ్చాడు. నేను వెనక్కి తోసి, చదివి చదివి, పై అరలో దుమ్ము పట్టిన పాత రకం దింపించాను. కొళాయి నీళ్ళలో ఉప్పు పేరుకుంటుందని బ్యాటరీ నీళ్ళు కొన్నాను. ఆరు పాళ్ళు మందు, నాలుగు పాళ్ళు నీళ్ళు. చేతులు వాటంతటవే కొలిచాయి. లద్దాఖ్‌లో సున్నాకి కింద ముప్పై. తెల్లవారుజామున కాన్వాయ్ కమాండర్ వైర్‌లెస్‌లో ఒక్కటే అడిగేవాడు: "బళ్ళు లేస్తాయా?" "లేస్తాయి సాబ్." రెండు చలికాలాల్లో ఒక్క ఇంజనూ పగల్లేదు. ఆ గర్వం ఇంకా తగ్గలేదు.

శనివారం పదకొండు గంటలు. ఎండ నలభై రెండు. అక్క స్టీరింగు పట్టింది, నేను పక్కన. హిజ్లీ చేరేసరికి వేడి సూది ఎర్రగీత ముట్టింది.

"ఆపక్కా! ఆపు!"

ఇంజను ఆపి బానెట్టు ఎత్తాం. సైకిళ్ళ మీద పోయే విద్యార్థులు ఆగి, తోయాలా అని హిందీలో అడిగారు.

"మరిగిందా?" అంది అక్క.

"ఇంకా లేదు."

"అయితే మావోడికి సెప్పక్కర్లేదు." కొంగుతో మెడ తుడుచుకుంటూ, "నాకు నడపడం రాకేనేటి తమ్ముడూ ఇలాగవుతంది?" అంది.

బాబాయికి ఫోన్ చేశాను.

"సూది ఎర్రగీత మీదుంది బాబాయ్."

"ఎన్ని పాళ్ళు కలిపినావు?"

"ఆరూ, నాలుగూ."

అవతల దగ్గు వినపడింది. కాదు, నవ్వు. "ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఏ ఎండకా గొడుగు పట్టాలిరా. మందు ఎక్కువైతే ఏడి మొయ్యదు, మోసేది నీళ్ళే. ఒక పాలు మందు, రెండు పాళ్ళు నీళ్ళు. పాళ్ళు సూసుకోమని అప్పుడే సెప్పినాను కదేటి!"

"తప్పు నీది కాదక్కా, నాది," అన్నాను. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఏ ఆఫీసరు దగ్గరా ఇంత తొందరగా ఒప్పుకోలేదు.

కారు చల్లారాక మెల్లగా ఇల్లు చేరాం. సాయంత్రం అయిదుకి అంతా దింపి, ఒకటికి రెండు చొప్పున కొత్తగా పోశాను. బాబాయి మొదటిసారి గోడ ఇవతలికి వచ్చి గరాటు పట్టుకున్నాడు. దింపిన మందు తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు నాకితే చస్తాయి. డబ్బాలో పోసి మూత బిగించాను.

ఆదివారం మూడున్నర. నేను ముందు సీటు తలుపు తీయబోతే అక్క ఆపింది. "నువ్వు రాకు. నువ్వు పక్కనుంటే నేను సూదినే సూస్తాను, రోడ్డు సూడను. ఆరింటికి టీ కొట్టు దగ్గరుండు, టేసనుకి దింపుతాను." వెనక సీట్లో హార్మోనియం పెట్టుకుని ఒక్కతే వెళ్ళిపోయింది.

నాలుగూ అయిదుకి ఫోన్. "సేరినాను. సూది మద్దెలో ఉంది." అంతే, కట్.

ఆరింటికి టీ కొట్టు ముందు మేం ముగ్గురం: నేను, బాబాయి, ఊరికే వచ్చానన్న మేనల్లుడు. ఆరూ పదికి తెల్ల కారు మలుపు తిరిగింది. ఆవిరి లేదు. నేను బ్యాగు భుజానికెత్తుకున్నాను. కారు ఆగలేదు. అద్దంలోంచి అక్క మా వైపు చూసింది, నవ్వింది, ముందుకు పోయింది.

"అమ్మ ఎక్కడికెల్తంది మావయ్యా?"

"ఇంకో రౌండు," అన్నాడు బాబాయి.

నేను టోటో పట్టుకుని స్టేషనుకి వెళ్ళి, అప్పటికే కదులుతున్న రైలెక్కాను. ఏ పోస్టింగు నుంచీ ఇంత సంతోషంగా తిరిగి రాలేదు. సోమవారం ఇనుమువాడు రాలేదని తర్వాత తెలిసింది. మంచుకొండలు ఈ మధ్య కలలోకి రావడం తగ్గింది. కిటికీలోంచి చాచిన అక్క కుడిచెయ్యి మాత్రం కళ్ళముందు నుంచి పోవడం లేదు. రెండు గాజు గాజులు, వేళ్ళన్నీ విప్పి, మలుపు దగ్గర వెనకబళ్ళకు సిగ్నలిస్తూ.