వచ్చిన తలుపున పోని సామేలు సార్

పోయిన ఏడు కోరుట్లల ఒక పెండ్లికి పోయినప్పుడు మా ఫిజియాలజీ ప్రొఫెసర్ సామేలు సార్ కుడికాలు పెరుగుచట్నీ గంగాళంల పడ్డది. గంగాళం నిండుగ ఉన్నది. చట్నీ చల్లగ ఉన్నది గనుక సార్‌కు ఏం కాలేదు. అయింది చట్నీకే.

పెద్ద గేటు నుంచి లోపలికి వచ్చిన మనిషి వంటోళ్ళ సందుల నుంచి బయటికి ఎందుకు పోతున్నడంటే, ఆయనకున్న గుణం అదొక్కటే: వచ్చిన తలుపు నుంచి తిరిగి పోడు.

"గుండెల నాలుగు వాల్వులున్నయి బాలకిషన్. ముందుకు పోనిస్తయి, ఎనుకకు రానియ్యవు. పిడికెడు గుండెకున్న బుద్ధి గింత మనిషికి ఉండొద్దా?" అన్నడు, కాలివేళ్ళ సందుల నుంచి ఉల్లిగడ్డ ముక్కలు తీసుకుంట.

నేను జగిత్యాల మెడికల్ కాలేజీల ఆయన దగ్గర ల్యాబ్ టెక్నీషియన్‌ను. ఏండ్ల సంది వింటున్న.

ఒకసారి సిరిసిల్ల నుంచి ఇద్దరం సూపర్ లగ్జరీ ఎక్కినం. దానికి ఒక్కటే తలుపు. జగిత్యాల రాంగనే సార్ ఎమర్జెన్సీ అద్దం దిక్కు చూసుడు మొదలువెట్టిండు. "పెద్దమనిషీ, అద్దం పలగ్గొడ్తవా ఏంది?" అని కండక్టర్ ఒర్రంగ, కండ్లు మూసుకొని ఎక్కిన తలుపు నుంచే దిగిండు. "గుండెకు జబ్బు చేస్తె గిట్లనే అయితది" అని ఇంటిదాక బాధపడ్డడు.

ఇంట్లనన్నా సుఖమా? చెప్పులు ముందు వాకిట్ల ఇడుస్తడు, ఎనుక తలుపు నుంచి కాలేజీకి వస్తడు. పొద్దుగాల వాళ్ళింటామె ఫోను: "అన్నా, మీ సార్ చెప్పులు ఈడనే ఉన్నయి. మనిషి అచ్చిండా?"

"అచ్చిండు చెల్లే. ఒట్టికాళ్ళతోనే."

మొన్నటి చలికాలంల రోగం ముదిరింది. సార్ కాలేజీ మొత్తాన్ని గుండె చేసిండు. తూర్పు తలుపు నుంచి చెడు రక్తం రావాలె. స్టోర్ రూం కుడి కర్ణిక, దాని పక్క హాలు కుడి జఠరిక. మెట్లెక్కితే మిద్దె, అవి ఊపిరితిత్తులు. ఆడ పదిసార్లు గాలి పీల్చి అవతలి మెట్లు దిగితే స్టాఫ్ రూం, అంటే ఎడమ కర్ణిక. ఎడమ జఠరిక మాత్రం ప్రిన్సిపాల్ మాధవి మేడం గది.

"మేడం గదే ఎందుకు సార్?"

"ఎడమ జఠరిక గోడ మూడింతల మందం. బయట ఎవ్వలు మొత్తుకున్నా లోపలికి ఇనవడదు."

రోజూ బువ్వ తిన్నంక నూట యాభై మంది ఫస్టియర్ పిల్లలు రక్తమై తిరుగుడు. "ర్యాంకు తెచ్చుకున్నది గిందుకా?" అని వాళ్ళ గునుసుడు. మిద్దె మీదికి పోయిన రక్తం ఎర్రగ దిగాలె కదా. మార్చి దాటినంక సార్ మాట దక్కింది. జగిత్యాల ఎండకు అందరు ఎర్రగనే దిగిన్రు. మేడంకేమో రోజుకు నూట యాభై నమస్తేలు. నలభయ్యోదాని నుంచి ఆమె తల ఎత్తుడు మానేసింది.

ఆ వరుసల ఆఖరి బొట్టు వసంత. వీర్నపల్లి పిల్ల, తాళ్ళెక్కి కల్లు గీసే గంగారాం బిడ్డ. చదివిందంతా తెలుగు మీడియం. పాఠం మొత్తం తెలుసు, అడిగితే నోరు పెగలదు. చలికాలంల కాలేజీ వైవల ఇంగ్లీషు ప్రశ్న పడంగనే గోడ దిక్కు చూసుకుంట నిలవడ్డది. తెల్లారి పోయి మేడంను టీసీ అడిగింది.

"యూనివర్సిటీ వైవ దాక ఆగు. అప్పుడు గూడ గిట్లనే అయితె ఇస్త" అన్నది మేడం.

అంటే ఆ పిల్ల డాక్టర్ అయితదా, వీర్నపల్లి బస్సెక్కుతదా అన్నది ఒక్క వైవ మీద ఉన్నది.

ఆ రోజు రానే వచ్చింది. హైదరాబాద్ నుంచి జితేందర్ సార్ ఎగ్జామినర్‌గ వచ్చిండు. మనిషికన్న ముందు పొట్ట వస్తది. గుండెల రక్తం ఎట్ల పోతదో చెప్పుమని ఇంగ్లీషుల అడిగిండు. వసంత గోడ దిక్కు చూసింది. సామేలు సార్ పక్కనే కూసున్నడు గని నోరు తెరవొద్దు, రూలు. మూలకు బీపీ మిషన్ పట్టుకున్న నాకు బీపీ పెరిగింది.

అప్పుడు ఆ పిల్ల సన్నగ అన్నది: "నడుసుకుంట చెప్పనా సార్?"

"ఎక్కడికి?"

"తూర్పు తలుపు కాడికి సార్."

ఆమె ముందట, ఎగ్జామినర్ ఎనుక, మేమిద్దరం ఇంకెనుక. ప్రతి తలుపు కాడ ఆగి వాల్వు పేరు చెప్పింది. మిద్దె మీద జితేందర్ సార్‌తోని పదిసార్లు గాలి పీల్పించింది. దించి, సీదా మేడం ముందట నిలవెట్టింది.

"గిది ఎడమ జఠరిక సార్. గోడ బాగ మందం. ఒళ్ళంతకు రక్తం తోసేది గిదే."

మేడం పెన్ను మూత పెట్టింది.

జితేందర్ సార్ కండ్లద్దాలు స్టాఫ్ రూంల మర్చిపోయిండట, ఎనుకకు మర్రిండు. వసంత తలుపుకు అడ్డంగ రెండు చేతులు చాపింది. "పోవద్దు సార్! వాల్వు లీకై రక్తం ఎనుకకు పోతె ఊపిరితిత్తులల్ల నిలుస్తది. మనిషికి ఆయాసం వస్తది!"

"వచ్చింది తల్లీ" అని ఆయన మేడం ముందటి కుర్చీల కూలవడి, ఆడనే మార్కులేసిండు.

పిల్ల పాసైంది. తెల్లారి మేడం మా ఇద్దర్ని పిలిచింది.

"పరీక్షలైపోయినయి, ఇగ మీ ఊరేగింపు బంద్" అన్నది. "ఆ పిల్ల టీసీ అడిగిన తెల్లారే గద సార్ మీరు మొదలువెట్టింది? నాకు నిన్ననే తట్టింది. ఆమె కోసమైతె ఆమెనొక్కదాన్ని నడిపియ్యరాదా? నూట యాభై మందిని ఆర్నెల్లు నా గదిలకెల్లి ఎందుకు తోలిన్రు?"

నేను సార్ మొఖం చూసిన. నాకైతే నిన్న గూడ తట్టలే.

"ఆమెనొక్కదాన్నే నడిపిస్తె ఆమెకు మొద్దని పేరొస్తది మేడం, అందర్ని నడిపిస్తె నాకు పిచ్చోడని వస్తది, అదెట్లాగు నాకు ముందుగాలనే ఉన్నది గద."