మెరవని సంతకం

బస్సు డిపోలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. జీతం కాగితం మీద తప్ప ఆ పేరు ఇంకెక్కడా కనిపించదు. అందరికీ తళుకు మేస్త్రి, అంతే. బస్సు కింద గోతిలో నిలబడి, మెడ వెనక్కి వాల్చి, నెత్తి మీద నూనె చుక్కలు పడుతుంటే బ్రేకులు చూసే మనిషికి తళుకేమిటని కొత్తగా చేరినవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి, వాళ్ళకేం తెలుసు!

ఆయన పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. పొద్దున్నే ప్రతి బండి బ్రేకులూ చూడాలి. బాగుంటే అరచేతంత చీటీ మీద ‘బ్రేకులు సరిగా ఉన్నాయి’ అని రాసి సంతకం పెట్టాలి. ఆ చీటీ చేతిలో పడందే డ్రైవరు బండి కదిలించకూడదు. ఆయనకు ముందున్న మనిషి నెలకు సరిపడా చీటీల మీద ఒక్కరోజే సంతకాలు గీకేసి, మిగతా రోజులన్నీ క్యాంటీన్లో కూర్చునేవాడు. ఆ సంగతి డ్రైవర్లందరికీ తెలుసు. తెలిసి ఏం చేస్తారు, దేవుడా నీదే భారం అనుకుంటూ బండి తీసేవారు.

ఇక ఇంకు సంగతి. మూడేళ్ళ క్రితం మేస్త్రి బాల్‌పెన్ను కోసం ఒక పుస్తకాల షాపుకి వెళ్ళాడు. అద్దాల బీరువాలో చిన్న సీసా కనిపించింది. నెమలిమెడ రంగు ఇంకు, అడుగున సన్నగా బంగారు పొడి. షాపావిడ పెన్నుతో ఒక గీత గీసి కాగితాన్ని కాస్త వంచింది. గీత నిగనిగలాడింది. మేస్త్రి నోరు వెళ్ళబెట్టాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన చేతులకు తెలిసిన రంగు ఒక్కటే, గ్రీజు నలుపు. గోళ్ళలో నలుపు, చొక్కా మీద నలుపు, తుడుచుకునే గుడ్డ మీద నలుపు. సీసా, ఇంకు పెన్నూ అప్పటికప్పుడు కొనేశాడు.

ఇంట్లో భార్య చూసి మూతి తిప్పింది.

“ఈ వయసులో ఎవరికి ప్రేమలేఖలు?”

“నీకే రాస్తాలే.”

“ముందు ఆ గోళ్ళు కడుక్కో, తర్వాత రాద్దువుగాని.”

తీరా రాస్తే ఏముంది, మెరుపూ లేదు, పాడూ లేదు. మామూలు నీలిపచ్చ ఇంకు. మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. మర్నాడు షాపు తెరవకముందే గుమ్మంలో నిలబడ్డాడు. “ఏమ్మా, నన్ను చూస్తే వెర్రివాడిలా కనిపిస్తున్నానా?” అని ఒంటికాలి మీద లేచాడు.

షాపావిడ తొణకలేదు, బెణకలేదు. “సీసా కలిపారా?” అంది.

“కలపడమేంటి, అదేమన్నా దగ్గు మందా?”

“దగ్గు మందులాంటిదే. పొడి అడుక్కి దిగిపోతుంది. కలపకుండా వాడితే పైన ఉత్త రంగే వస్తుంది. గట్టిగా ఊపకండి, నురగొస్తుంది. ఇలా...” అంటూ సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టి దొర్లించింది. అడుగునున్న బంగారమంతా పొగలా పైకి లేచింది. మేస్త్రి సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి వెండి పొడి కలిసిన ఊదా రంగు సీసా ఇంకొకటి కొన్నాడు.

అంతే, పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు ఆయన అలమారాలో ఏడు సీసాలున్నాయి. పొడి ఇరుక్కుని పెన్ను మొరాయిస్తే, బ్రేకు పైపుల్లో గాలి తీసినంత ఓపిగ్గా విప్పి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగుతాడు. వాష్ బేసిన్ తెల్లగా ఉండి ఎన్నేళ్ళయిందో భార్యకు గుర్తు లేదు. “పక్కింటావిడ అడుగుతోంది, నీ మొహం మెరుస్తోంది, ఏ పౌడరు వాడుతున్నావని. మా ఆయన సంతకం అని చెప్పాను” అని ఒకరోజు గయ్యిమంది. ఆయన పడీపడీ నవ్వాడు.

చీటీల మీద నెమలిమెడ రంగు సంతకం చూసి మొదట్లో డ్రైవర్లు ఆట పట్టించారు. “మేస్త్రీ, బొట్టు బిళ్ళ కూడా అంటించకపోయావా!” అన్నారు. ఆయన పట్టించుకోలేదు. పదకొండో నంబరు బస్సు నడిపే డ్రైవరమ్మ మాత్రం నవ్వలేదు. ఆ బండి దారి డిపో నుంచి కొండ వాలు మీదుగా కిందికి దిగుతుంది, వాలు చివర బడి ఉంది. ఆవిడ రోజూ చీటీని బండిలోని ట్యూబ్‌లైటు కింద వంచి, తళుక్కుమనగానే “మెరిసింది బాబాయ్, వెళ్ళొస్తా” అనేది. నెలలు గడిచే కొద్దీ ఆ అలవాటు అందరికీ పాకింది. ఎవరూ నియమం పెట్టలేదు, ఎవరూ చెప్పుకోలేదు. చీటీ వంచడం, మెరిస్తే జేబులో పెట్టుకోవడం. మెరిసిందంటే ఈ పొద్దున ఒక మనిషి గోతిలోకి దిగి, ఈ బండినే చూశాడని అర్థం.

అలా సాగుతుండగా కొత్త మేనేజరు దిగాడు. బండ్లన్నీ రోడ్డు మీద ఉండాలి, ఆయనకు తెలిసిన మంత్రం అదొక్కటే. చక్రాన్ని ఒరుసుకుని ఆపే బ్రేకు లైనర్లు రెండు నెలలుగా రావడం లేదు. పదకొండుతో కలిపి తొమ్మిది బండ్లకు పాతవి అరిగి రేకుల్లా తయారయ్యాయి. మేస్త్రి తొమ్మిదింటికీ చీటీ ఆపేశాడు. లైనర్లు తెప్పించాల్సింది పోయి మేనేజరు ఇంకు మీద పడ్డాడు. మెరిసే ఇంకు ఆఫీసు మర్యాదకు తగదు, ఇకపై నీలం బాల్‌పెన్నే వాడాలి అని మెమో ఇచ్చాడు. మేస్త్రి దానికి జవాబు రాసిచ్చాడు, వెండి పొడి కలిసిన ఊదా రంగులో! ‘బ్రేకు లైనర్లు ఇప్పించగలరు’ అని ఒకే ఒక్క వాక్యం.

మేనేజరు పిలిపించాడు.

“ఆ పదకొండుకి చీటీ ఇచ్చెయ్యండి. సామాన్లు ఇవాళో రేపో వస్తాయి.”

“వచ్చాక ఇస్తాను సార్.”

“మీ సంతకం మీదే డిపో నడుస్తోందనుకుంటున్నారా?”

“డిపో సంగతి నాకు తెలీదు సార్. పదకొండు మాత్రం దాని మీదే నడుస్తుంది.”

సాయంత్రానికల్లా మేస్త్రిని టైర్ల గదికి మార్చేశారు. చీటీల పుస్తకం మేనేజరు బల్ల మీదికి చేరింది. కానీ కొత్త మనిషిని వేసేదాకా చీటీ మీద చెల్లే సంతకం తళుకు మేస్త్రిదే, మిగతా బండ్లు చూసి రాయడానికి పొద్దున్నే ఆయన్నే పిలవాల్సి వచ్చేది.

ఇంట్లో భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “ఇంకో రెండేళ్ళలో రిటైరవుతావు. ఇప్పుడీ పంతాలేంటి? నీలం పెన్నుతో గీకి పడెయ్యి, నీ సొమ్మేం పోయింది?”

“ఆ బండి కొండ దిగుతుందే. కింద బడి ఉంది. బ్రేకు నొక్కితే అది ఎక్కడ ఆగుతుందో నాకు తెలీదు. తెలీకుండా బాగుందని రాయమంటావా?”

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ముక్కు చీది, “రాయకు” అంది. “కానీ ఆ ఇంకు చొక్కాలు ఇకమీదట నువ్వే ఉతుక్కో.”

రెండు రోజులు ఆ తొమ్మిది బండ్లూ కదల్లేదు. పైవాళ్ళు ఫోన్లు చేసి చీవాట్లు పెడుతుంటే మేనేజరుకు ఎక్కడలేని తెలివీ పుట్టుకొచ్చింది. మెరిసే ఇంకే కావాలా వీళ్ళకి? మెరిసేదే ఇద్దాం! స్వయంగా ఆ షాపుకి వెళ్ళి, అదే నెమలిమెడ రంగు సీసా కొన్నాడు. షాపావిడ ఏదో చెప్పబోతే వినే తీరిక కూడా లేదు, బండెక్కి వచ్చేశాడు. మర్నాడు పొద్దున్నే గది తలుపేసుకుని, పాత చీటీ ఒకటి ఎదురుగా పెట్టుకుని, తొమ్మిది చీటీల మీద తళుకు మేస్త్రి సంతకం దించాడు. వంకర పోకుండా, రంగు తేడా రాకుండా, అచ్చుగుద్దినట్టు దించాడు. సీసాను కుదపకుండా జాగ్రత్తగా పట్టుకున్నాడు కూడా. బల్ల మీద ఒలికితే పాపం మరకలవుతాయి కదా!

చీటీ అందుకుని డ్రైవరమ్మ ట్యూబ్‌లైటు కింద వంచింది. ఇంకోసారి వంచింది. ఇంజను ఆపి కిందికి దిగింది.

“బాబాయ్ ఎక్కడ?”

మేనేజరు గదిలోంచి బయటికొచ్చాడు. “బాబాయ్‌తో పనేంటి? చీటీ ఉంది, సంతకం ఉంది. బండి తియ్యండి.”

“సంతకం ఉంది సార్. మెరవట్లేదు.”

“ఆ లైటు సరిగా లేదు.”

“అలాగా” అని ఆవిడ ఆవరణ మధ్యకు నడిచి, అప్పుడే పడుతున్న ఎండలో చీటీ పట్టింది. మిగతా ఎనిమిది మందీ ఇంజన్లు ఆపి ఆవిడ వెనకే వచ్చారు. తొమ్మిది చేతులు ఎండలోకి లేచాయి, చీటీలు అటూ ఇటూ వంగాయి. ఒక్కటి మెరిస్తే ఒట్టు. టిక్కెట్ల సంచులు పట్టుకుని కండక్టర్లు, టీ గ్లాసులతో క్లీనర్లు, అందరూ పోగయ్యారు. ఎక్కడో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వుకి మేనేజరుకు కోపం నెత్తికెక్కింది. “అదే ఇంకు! అదే షాపు! నేనే వెళ్ళి కొనుక్కొచ్చాను, కావాలంటే సీసా చూసుకోండి!” అని అరిచాడు.

అరిచాక తెలిసింది ఏం అన్నాడో. డ్రైవరమ్మ తన చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో భద్రంగా దాచుకుంది. అది ఇప్పుడు ఉత్త చీటీ కాదు, దొంగ సంతకానికి సాక్ష్యం, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

టైర్ల గదిలోంచి మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. గొడవేమిటో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళి, బల్ల మీది సీసా ఎత్తి అడుగు చూశాడు. బంగారమంతా హాయిగా నిద్రపోతోంది.

“కలపలేదా సార్?” అన్నాడు. “సిగ్గుపడకండి, మొదటిసారి నేనూ ఇంతే.”

సీసా మూత బిగించి, అరచేతుల మధ్య దొర్లించాడు. బంగారం పైకి లేచింది. తన పెన్నులోకి నింపి, గుమ్మం దగ్గర మూగిన జనం ముందే బండ్ల రిజిస్టరు తెరిచి రాశాడు: ‘పదకొండు. బ్రేకు లైనర్లు అరిగిపోయాయి. బండి తీయరాదు.’ కింద సంతకం. గుమ్మంలోంచి పడుతున్న వెలుగుకి ఆ మూడు ముక్కలూ భగ్గుమన్నాయి.

తర్వాత పుస్తకంలోంచి ఖాళీ చీటీ ఒకటి చింపి మేనేజరు ముందు పెట్టాడు. పెన్ను కూడా పెట్టాడు.

“ఇప్పుడు మెరుస్తుంది సార్. బండి బాగుందని మీకు నమ్మకముంటే రాయండి. నా పేరు వద్దు. మీ పేరు రాయండి. అమ్మాయి ఇప్పుడే బండి తీస్తుంది.”

మేనేజరు పెన్ను వైపు చూశాడు. కొండ రోడ్డు వైపు చూశాడు. ఆ చెయ్యి బల్ల మీదికి రాలేదు.

“మరి నన్నెందుకు రాయమన్నారు?” అన్నాడు మేస్త్రి.

డ్రైవరమ్మ వెళ్ళి పదకొండు తాళం తీసుకొచ్చి, ఆ ఖాళీ చీటీ మీద పెట్టింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చి మిగతా ఎనిమిది తాళాలూ దాని పక్కన పెట్టారు.